దగ్గితే మంచినీళ్లు

మా ఆయనకి మంచినీళ్లు కావాలంటే దగ్గేవాడు. ఒకసారి దగ్గితే నీళ్లు, రెండుసార్లు దగ్గితే కాఫీ. గొంతు సవరించుకున్నట్టు, చిన్నగా, మర్యాదగా. నేను పెరట్లో కర్రపెండలం దుంపలకి చెక్కు తీస్తున్నా, నూనె మూకుడు ముందు చెమటలు కక్కుతున్నా ఆ దగ్గు నా చెవిన పడేది. నా చెవిన పడకపోతే మా అమ్మ చెవిన పడేది. "ఎర్నీ, సుతాన్ దగ్గుతున్నారు" అని లోపలినుంచి కేకేసేది. నేను చేతులు కడుక్కుని, గ్లాసు తుడిచి, నీళ్లు పోసి, పళ్లెంలో పెట్టి తీసుకెళ్లేదాన్ని. నీళ్ల కూజా ఆయన చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండేది. కానీ చుట్టం చెయ్యి చాపకూడదు కదా.

చుట్టమే మరి. మా మినాంగ్ తెగ వాళ్లలో ఇల్లు ఆడదానిది. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు, రేపు మా అమ్మాయికి. మగవాడు పెళ్లి కాగానే బట్టల మూట పట్టుకుని పెళ్లాం ఇంటికి వస్తాడు. ఈ సంగతి వినగానే బయటివాళ్ల కళ్లు మెరుస్తాయి. చిప్స్ కొనడానికి మా గుమ్మంలోకి వచ్చిన జకార్తా ఆవిడ ఒకామె "రాణులమ్మా మీరు" అంటూ నా చేతులు పట్టుకుంది. అప్పుడు నా చేతులకి మోచేతుల దాకా కారం. ఆవిడ తర్వాత కళ్లు నులుముకుని ఎంత బాధపడిందో నాకు తెలీదు. రాణినే, కాదనను. కాకపోతే నా రాజు చుట్టం. చుట్టానికి మెత్తటి పరుపు, చుట్టానికి మంచి ముక్క, చుట్టం తిన్న పళ్లెం తియ్యడానికి ఒక మనిషి. పెళ్లికి ముందు మా అమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది: అల్లుణ్ణి నిండా నూనె పోసిన పళ్లెంలా మొయ్యాలి, తొణికిందా, మాట పడేది మనం. పాతికేళ్ల పైన మోశాను. పళ్లెం కిందపెట్టి ఒకసారి చేతులు దులుపుకోవచ్చని నాకు తట్టలేదు.

ఆయన అసలు పేరు బహ్రిజల్. ఆయన పుట్టింట్లో రిజల్ అంటారు. పెళ్లినాడు వాళ్ల వంశం ఇచ్చిన బిరుదు సుతాన్ మారాజో. మా ఇంట్లో అందరూ సుతాన్ అనే పిలవాలి, పేరు నోట రాకూడదు. నేను మాత్రం ఉదా అంటాను. అన్ననీ, మొగుణ్ణీ మా వైపు ఆడవాళ్లు ఆ మాటతోనే పిలుస్తారు. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. పెళ్లిళ్లలో రెండు వైపుల పెద్దలూ ఎదురెదురుగా కూర్చుని, సామెతల్లో మాటలు విసురుకునే వేడుక ఒకటుంటుంది మాకు. అందులో ఆయన్ని మించినవాడు చుట్టుపక్కల లేడు. అంత మాటకారి, ఇంట్లో దగ్గుతో సరిపెట్టుకునేవాడు. చెడ్డవాడు అనలేను. చెయ్యి ఎత్తలేదు, తిట్టలేదు, జీతం దాచుకోలేదు. ఒక్కసారి, పెళ్లైన కొత్తలో, నేను జ్వరంతో పడుంటే చీపురు పట్టుకున్నాడు. వీధిలో వెళ్తున్న ఆయన స్నేహితుడు చూశాడు. ఆ సాయంత్రం కాఫీ కొట్టులో "ఏం సుతాన్, అప్పుడే పాత చాప అయిపోయావా" అన్నారట. పెళ్లాం ఇంట్లోనే పడి ఉండే అల్లుణ్ణి మా ఊళ్లో పాత చాప అంటారు. ఆ తర్వాత ఆయన చీపురు ముట్టుకోలేదు. మా అమ్మ కూడా ఆ చీపురు సంగతి తెలిసి ఊరంతా తన మొహాన ఉమ్మేసినట్టు ఏడ్చింది. అల్లుడి చేత ఇల్లు ఊడిపించిన అత్తగారని తనకి పేరొస్తుందని.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆయనకి రక్తం పడుతోందన్న సంగతి నాకు తెలియకపోవడానికి ఇదే కారణం.

మా ఇంట్లో స్నానాల గది ఉంది. ఆయన ఎప్పుడూ వాడలేదు. తెల్లారకముందే లేచి మసీదు వెనకున్న స్నానాల గదులకి వెళ్లేవాడు. అత్తగారు వినేలా అల్లుడు నీళ్లు గుమ్మరించుకోవడం మర్యాద కాదు. అక్కడే అన్నీ కానిచ్చుకుని, నమాజు చేసుకుని, కాఫీ కొట్టులో కూర్చుని, తెల్లగా తెల్లారాక వచ్చేవాడు. ఏళ్ల తరబడి నా పక్కన పడుకున్న మనిషి ఒంట్లోంచి ఏం వస్తోందో, ఏం పోతోందో నాకు తెలిసే దారే లేదు. పక్క ఊళ్లో ఒక పెళ్లిలో మాటల మధ్యలో, గెలవబోతూ, ఆయన పక్కకి ఒరిగిపోయాడు. లేవదీస్తే కూర్చున్న తెల్ల దిండు మీద ఎర్రగా ఉంది.

డాక్టరు అడిగాడు, ఎప్పట్నించి ఇలా అని. ఆయన గోడకేసి చూశాడు. అప్పుడు మా వెనక నిలబడ్డ ఆయన అక్క రోస్, మా మాటలో ఊనీ రోస్, చెప్పింది.

"ఉపవాసాల నెల ముందునించండీ. మొలలేమోనని ఆకు రసం ఇస్తున్నా. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది."

మళ్లీ ఉపవాసాల నెల రావడానికి అప్పటికి ఎంతో లేదు. ఏడాది కాలంగా ఆ అక్కకి తెలుసు. బడి నుంచి వస్తూ వాళ్లింట్లో ఆగి, ఆకు రసం తాగి, నోరు కడుక్కుని మా ఇంటికి వచ్చి భోజనానికి కూర్చునేవాడన్నమాట. నేనేమో కారం ఎక్కువైందా, ఉప్పు తక్కువైందా అని ఆయన మొహం చూస్తూ నిలబడేదాన్ని. మా వాళ్లలో మగవాడి శరీరం చివరిదాకా తల్లి ఇంటిదే. మొద్దు మీద బూడిద లాంటివాడు అల్లుడు, గాలి వస్తే ఎగిరిపోతాడు అంటారు. జబ్బు ముదిరితే అక్కచెల్లెళ్లు వచ్చి పళ్లేలు మోసుకొచ్చి, మర్యాద చేసి తీసుకుపోవడం పాతకాలం నుంచీ ఉంది. ఈ రోజుల్లో ఎవరు పాటిస్తున్నార్లే అనుకున్నాను. ఆయన పాటించాడు. తన రక్తాన్ని ముందు వాళ్లింటికి తీసుకెళ్లాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, నాకెందుకు చెప్పలేదు ఉదా అని.

"మీ ఇంట్లో ఎలా చెప్పను, ఎర్నీ? మీ అమ్మగారు ఉంటారు" అన్నాడు.

మొహమాటం మనిషిని చంపుతుందంటే ఆ రోజుదాకా నమ్మేదాన్ని కాదు. నా కూతురి తండ్రి నా ఇంట్లో రక్తం కార్చడానికి మొహమాటపడ్డాడు. కోపం వచ్చింది. ఆయన మీద, వాళ్లక్క మీద, ఆ ఆకు రసం మీద. ఆ కోపం బస్సు దిగేలోపల ఎటో తిరిగి నా మీదికే వచ్చింది. ఇంత చేసి, ఇన్ని పళ్లేలు మోసి, ఆ మనిషి ఒక్క పూట కాళ్లు బారజాపుకునే చోటు ఇవ్వలేకపోయాను కదా అని.

పెద్దపేగు చివర్లో క్యాన్సర్ అన్నారు. పాదాంగ్ పెద్దాసుపత్రిలో ముందు కరెంటు పెట్టారు, తర్వాత ఆపరేషన్. కింద దారి మూసేసి, పొట్ట మీద ఎడమ పక్కన దారి చేస్తామన్నారు, ఇక బతికినంతకాలం అక్కడినుంచే, సంచిలోకి. సంతకం ఎవరు పెడతారన్న దగ్గర ఊనీ రోస్, మా రక్తం కాబట్టి మేం ఆలోచించుకోవాలి అంది. డాక్టరు భార్య పెడితే చాలన్నాడు. పెట్టాను. ఆ సంతకానికి ఆవిడ నన్ను ఇప్పటికీ క్షమించలేదు. ఆసుపత్రి వరండాలో మా అమ్మ ఇచ్చిన చాప పరుచుకుని పడుకునేదాన్ని. పక్కన చాపల మీద నాలాంటి ఆడవాళ్లే. ఒకామె అత్తకి, ఒకామె తమ్ముడికి, ఒకామె మొగుడికి. మగవాళ్లు సాయంత్రం వచ్చి, కాసేపు నిలబడి, ఏమైనా కావాలా అని అడిగి వెళ్లేవాళ్లు. కావలసింది ఏమిటో మేమెవరమూ చెప్పేవాళ్లం కాదు.

ఆపరేషన్ అయ్యాక ఆయన దగ్గలేకపోయాడు. దగ్గితే కుట్లు లాగేస్తాయి, దగ్గాల్సి వస్తే దిండు పొట్టకి అదుముకోమని నర్సు చెప్పింది. రెండో రోజు పొద్దున నేను మంచం పక్కన కునికిపాట్లు పడుతుంటే, "నీళ్లు" అన్న మాట వినపడింది. ఎవరిదో గొంతు అనుకున్నాను. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన ఆ మాట నాతో అనడం అదే మొదలు. తడి గుడ్డతో పెదాలు తుడుస్తూ నేను ఏడ్చాను. నొప్పికి జాలిపడి ఏడుస్తున్నాననుకుని ఆయన నా చెయ్యి నొక్కాడు.

సంచి మార్చడం ఆ నర్సే నేర్పింది. పాత సంచిని పైనుంచి కిందికి మెల్లగా వలవాలి, గోరువెచ్చని నీళ్లతో తుడవాలి, చర్మం బాగా ఆరాక కొత్తది అతికించాలి. గట్టి మనిషి. "మీరు కాదమ్మా, ఆయన నేర్చుకోవాలి. సార్, ఇటు చూడండి" అంది. ఆయన తల గోడవైపు తిప్పేసుకున్నాడు. ఊనీ రోస్ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, మగవాడి చేత ఇలాంటి పనులు చేయిస్తారా అంటూ బయటికి వెళ్లిపోయింది. నర్సు నా వైపు చూసింది. "నాకు నేర్పండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం. దగ్గు వినపడితే లేచినట్టే.

ఇంటికి వచ్చాక నా రోజు ఆ సంచి చుట్టూ తిరిగింది. పొద్దున్న లేస్తూనే అది, మధ్యాహ్నం అది, ఏదైనా తేడా తిన్న రోజున ఇంకా ఎక్కువ. ఆయన కళ్లు మూసుకుని పడుకునేవాడు. నేను తుడిచి, ఆరబెట్టి, అతికించి, వాసన పోవడానికి నిమ్మగడ్డి కాల్చి కిటికీ తెరిచేదాన్ని. అయ్యాక ఆయన కళ్లు తెరిచి "శ్రమ ఇచ్చాను" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. పెళ్లి భోజనం చేసిన పెద్దమనిషి వంటవాళ్లతో అన్నట్టు. ఆ మాట అననిరోజు ఒకటి రావాలని నేను కోరుకునేదాన్ని. విసుక్కోవచ్చు, తిట్టొచ్చు, నొప్పెడుతోందని అరవొచ్చు. ఒకసారే అరిచాడు. నేను చిప్స్‌కి కారం పట్టిస్తూ మధ్యలో లేచి వచ్చాను. ఎంత కడుక్కున్నా గోళ్లలో కారం మిగిలి ఉంది. అది ఆ పచ్చి చర్మానికి తగిలింది. ఆయన అరుపుకి మా అమ్మ పరుగెత్తుకొచ్చి, అల్లుడు అలా బట్టల్లేకుండా ఉండటం చూసి తల ముసుగు మొహాన కప్పుకుని వెనక్కి పోయింది. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాటినుంచి నేను కారం చిప్స్ మానేశాను. ఉత్త ఉప్పువే వేయించాను. మా ఊరి బజారులో ఉప్పు చిప్స్ ఎవరిక్కావాలి? దుకాణం వాళ్లు ఒక్కొక్కరే వేరేచోట కొనుక్కోవడం మొదలుపెట్టారు. మా అమ్మ పెట్టిన పొయ్యి అది. దాన్ని చల్లారనిస్తున్నందుకు నన్నెవరూ ఏమీ అనలేదు. భర్త కోసం కాబట్టి అందరూ మెచ్చుకున్నారు.

ఆయన మసీదుకి పోవడం మానేశాడు. సంచి ఉన్నా నమాజుకి తప్పులేదని ఇమాం గారు ఇంటికొచ్చి మరీ చెప్పారు. తల ఊపాడు, వెళ్లలేదు. కాఫీ కొట్టు స్నేహితులు చూడ్డానికి వచ్చారు. వాళ్లలో ఒకడు నవ్విద్దామని, "ఇంక నువ్వు నిజంగా పాత చాపవే సుతాన్, ఎర్ని ఎటు చుడితే అటు" అన్నాడు. అందరితోపాటు ఆయనా పొట్ట పట్టుకుని నవ్వాడు. వాళ్లు వెళ్లాక గోడకేసి తిరిగి పడుకున్నాడు. సాయంత్రం నేను అన్నం పెడుతుంటే "ఇంటికి వెళ్తాను ఎర్నీ" అన్నాడు. నేను పిచ్చిదానిలా, ఇంట్లోనే ఉన్నారుగా అన్నాను. అన్నాక అర్థమైంది.

మా దగ్గర మగవాడు జబ్బుమీద అక్క ఇంటికి వెళ్లడం అంటే ఏమిటో పిల్లలకి కూడా తెలుసు. పెళ్లి రద్దు అని ఎవరూ అనరు. కానీ అలా వెళ్లినవాళ్లెవరూ పెళ్లాం ఇంటికి తిరిగి రావడం నేను చూడలేదు. చనిపోతే అక్కడినుంచే మట్టికి వెళ్తారు. మా అమ్మాయికి ఫోన్ చేశాను, బాతం దీవిలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం తనకి. అమ్మా, నాన్నకి మన ఇల్లు ఇష్టం లేదా అని అడిగింది. ఏం చెప్పను. ఇష్టం లేక కాదు తల్లీ, ఇల్లు అని అనుకునే అవకాశమే రాలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక ఊనీ రోస్ వాళ్లు వచ్చారు. ఆడవాళ్ల తలల మీద పళ్లేలు, కొబ్బరిపాలలో ఇగిర్చిన గేదె మాంసం, జిగురు బియ్యం. మా వైపు మాట్లాడటానికి మా మేనమామ దాతుక్ వచ్చి కూర్చున్నాడు. ఆయన మా వంశం పెద్ద. మా అమ్మ ఆయన పక్కన. మా ఆయన దిండుకి ఆనుకుని, చొక్కా కింద సంచి కనపడకుండా మోకాలు పైకి పెట్టుకుని. నేను కాఫీ కలుపుతూ లోపలినుంచి వింటున్నాను. చాలాసేపు సామెతలు నడిచాయి. మా ఆయనైతే రెండు ముక్కల్లో గెలిచేవాడు, వాళ్లు మాట్లాడేది తన తరఫునే కాబట్టి ఊరుకున్నాడు. చివరికి ఊనీ రోస్ అసలు మాటకొచ్చింది. తమ్ముణ్ణి తమ ఇంట్లో ఉంచుకుంటారు. కిటికీ పక్కన మంచం వేశారు. తిండి, పడక, ఖర్చు అంతా తమదే. ఎర్ని అలిసిపోయింది, పాపం.

"సంచి సంగతి మాత్రం ఎర్ని వచ్చి చూసుకుంటుంది. పొద్దునోసారి, సాయంత్రమోసారి. ఎంత దూరం కనుక" అంది.

దాతుక్ తల ఊపాడు. సబబుగానే ఉందన్నాడు. మా అమ్మ కూడా తల ఊపింది. నేను కాఫీ పళ్లెంతో గుమ్మంలో నిలబడి మా ఆయన వైపు చూశాను. ఆ పెద్ద మాటకారి, చాప అల్లికని వేలితో గీరుతూ కూర్చున్నాడు. ఒక్క మాట చాలు. ఎర్నీ, నీకు కుదురుతుందా అని. నన్ను ఎవరూ అడగలేదు. గౌరవం వాళ్లింటికి, పని నాకు. ఎంత చక్కగా పంచారో.

పళ్లెం కింద పెట్టాను.

"తీసుకెళ్లండి ఊనీ. నేను మాత్రం రాను."

రావడమంటే అక్కడ ఉండిపోవడం కాదు, ఊరికే వచ్చి పోవడమేనని ఊనీ రోస్ నాకు విడమరిచి చెప్పబోయింది.

"అర్థమైంది. అక్కడికి రాను. ఇక్కడున్నా ఇక నేను చెయ్యను. కోసింది పొట్ట ఊనీ, చేతులు కాదు. నేర్పమంటే పక్కన కూర్చుని నేర్పుతాను. చేసుకోవడం మాత్రం ఆయనే చేసుకోవాలి."

ఎవరూ కాఫీ ముట్టుకోలేదు. రోగిష్టి మొగుడి మీదా నీ ప్రతాపం అంది ఊనీ రోస్. మా దాతుక్ ఇంటి పరువు గురించి ఏదో అన్నాడు. మా అమ్మ నన్ను కన్నందుకు దేవుణ్ణి క్షమించమంది. ఆయన మాత్రం నన్ను చూశాడు. కోపం కాదది. పిలవని చోటికి భోజనానికి వచ్చి, ఆ సంగతి అప్పుడే తెలిసినవాడి మొహం. మెల్లగా లేచాడు. ఆయన బట్టలు, మందులు, సంచుల పెట్టె నేనే సర్దిచ్చాను. ముందు మెట్లు దిగుతూ ఆయన నాతో "శ్రమ ఇచ్చాను" అన్నాడు.

గెలిచానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ రోజులు నేను ఎలా ఉన్నానో నాకు సరిగ్గా గుర్తు లేదు. మా అమ్మ నాతో మాట మానేసింది, నేను పెట్టింది తినేది, పళ్లెం నా ముందు పెట్టి వెళ్లిపోయేది. బజారుకి వెళ్తే ఆడవాళ్లే మొహం తిప్పుకున్నారు. ఒక పొద్దున్న గోరువెచ్చని నీళ్లు, గుడ్డలు సర్దుకుని వీధి మలుపుదాకా వెళ్లిపోయాను కూడా. ఆయనకి ఇంకా మందులెక్కించాల్సి ఉంది, ఆ జబ్బు ఒంట్లో మిగిలిందో లేదో డాక్టరు తేల్చలేదు. అక్కడే ఏమైనా అయితే? చివరికి ఆయన చెవిలో మిగిలేది నేనన్న మాటేనా? మలుపులో నిలబడి చాలాసేపు ఆలోచించాను. నేను అన్నదానికి నాకు పశ్చాత్తాపం లేదు. అది పెళ్లైన కొత్తలో, ఇద్దరం కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు, నవ్వుతూ అనాల్సింది. ఉదా, కూజా అదుగో, నాక్కూడా ఒక గ్లాసు పోయండి అని. అప్పుడు ఆయన సిగ్గుపడి పోసేవాడేమో. రెండోసారి సిగ్గు తగ్గేదేమో. ఏదో ఒక రోజున, ఎర్నీ, నాకు రక్తం పడుతోందే అని చెప్పేవాడేమో. నూనె తొణకకుండా మోస్తే చాలనుకున్నాను. ఆ పళ్లెంలో ఉన్నది మనిషి అని మర్చిపోయాను. వెనక్కి తిరిగి ఇంటికొచ్చి, దుంపలు చెక్కి, చాలా నెలల తర్వాత మిరపకాయలు రుబ్బాను.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం. మూకుడు పొయ్యి మీద ఉంది, కారం ముద్ద నూనెలో వేగుతూ ఘాటు ఇల్లంతా కమ్ముకుంది. నేను నేలమీద కూర్చుని చిప్స్ ఆరబోస్తున్నాను. మా అమ్మ మూల పీట మీద వెల్లుల్లి ఒలుస్తోంది. పెరటి తలుపు తోసిన చప్పుడైంది. పిల్లి అనుకున్నాను. చూస్తే ఆయన.

అల్లుళ్లు ముందు మెట్ల మీంచి వస్తారు. ఇన్నేళ్లలో ఆయన మా వంటింటి గుమ్మం తొక్కలేదు. తడిసిపోయి, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో సంచుల పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఆయనే చెప్పాడు. మొదటి రోజే సంచి ఊడిపోయిందట. ఊనీ రోస్ ముక్కు మూసుకుని దగ్గరికి వచ్చి, రెండు చేతులూ జోడించి, నావల్ల కాదురా రిజల్ అని ఏడ్చిందట. కిటికీ పక్క మంచం వెనక వసారాలోకి మారిందట. అద్దం గోడకి ఆనించుకుని ఆయనే చేసుకున్నాడట.

"వంకరగా వచ్చింది. రెండోసారి కాస్త నయం. ఇప్పుడు పని వచ్చేసింది" అన్నాడు. తర్వాత, చాలా ఆశ్చర్యంగా, "ఇంత చిన్న పనా ఎర్నీ ఇది" అన్నాడు.

నన్ను సంతోషపెట్టడానికే అన్నాడు. వరండాలో పడుకున్న రాత్రులు, మానేసిన చిప్స్, ఎన్నో ఏళ్ల కాఫీ గ్లాసులు, అన్నీ ఒక్కసారిగా చిన్నవైపోయాయి.

"అవును ఉదా. చిన్నదే. అన్నీ చిన్నవే" అన్నాను.

ఆయనకి అర్థమైంది. తల దించుకున్నాడు. పాతికేళ్లకి చాలీచాలని సమాధానం అది. అంతకంటే ఆయన దగ్గర ఏమీ లేదు, నా దగ్గరా లేదు. వాన జల్లు లోపలికి కొడుతోంది. మూలనుంచి మా అమ్మ, తల ఎత్తకుండా, వెల్లుల్లి ఒలుస్తూనే అంది.

"రిజల్, ఆ తలుపు వెయ్యి నాయనా. జల్లు నూనెలో పడుతోంది."

బిరుదు లేదు, మీరు లేదు. కన్న కొడుక్కి చెప్పినట్టు చెప్పింది. ఆయన అత్తగారి వైపు అలాగే చూసి, పెట్టె కింద పెట్టి, వెళ్లి తలుపు వేశాడు. ఆ తలుపుకి గొళ్లెం ఎక్కడుంటుందో ఆయనకి తెలీదు. తడుముకుని పెట్టాడు. తిరిగి వస్తుంటే కారం ఘాటు గొంతులోకి పోయింది. పొట్టని రెండు చేతులతో అదుముకుని దగ్గాడు.

నా మోకాళ్లు వాటంతటవే లేచాయి. మా అమ్మ కూడా వెల్లుల్లి వదిలేసి నావైపు తిరిగింది. గ్లాసు కోసం నా చెయ్యి అప్పటికే గూటిదాకా వెళ్లింది.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, ఘాటుకో దేనికో.

"కూర్చో ఎర్నీ" అన్నాడు. "ఇది ఉత్త దగ్గే."